కోట గోడల నడుమ సోషల్ టీచర్లు

జమ్మలమడుగు నుంచి గండికోటకు పదిహేను కిలోమీటర్లు. ఊరు దాటేదాకా నల్లరేగడి చేలు. ఆ తర్వాత మెల్లగా పైకెక్కే రోడ్డు, ఎర్రమల కొండల పలకరాయి, ముళ్లపొదలు, మేకల మందలు. మా బస్సులో ఉన్నవాళ్లంతా సోషల్ టీచర్లు. జమ్మలమడుగు, ముద్దనూరు, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు చుట్టుపక్కల హైస్కూళ్లలో పనిచేసేవాళ్లు. గండికోట వాళ్లకు కొత్త కాదు. కొందరు పిల్లలను విహారయాత్రకు తీసుకొచ్చారు, కొందరు పెళ్లయిన కొత్తలో వచ్చి లోయ అంచున ఫొటోలు దిగారు. ఈసారి పిల్లలు లేరు. తామే విద్యార్థులై ఒక పగలంతా కోటలో గడపాలని, సెలవురోజు చూసుకుని, తలా కొంత వేసుకుని బయల్దేరారు. చరిత్ర మీద రాసేవాడినని నన్నూ రమ్మన్నారు. పొద్దున జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తిని బస్సెక్కాం.

చరిత్ర చెప్పే టీచరుకు మన వ్యవస్థ ఇచ్చే శిక్షణ దాదాపు అంతా నాలుగు గోడల మధ్యే జరుగుతుంది. కాంప్లెక్స్ సమావేశాలు, మండల స్థాయి శిక్షణలు, ఇప్పుడు ఫోనులో చేసే కోర్సులు. వాటిలో బోధనా పద్ధతులు చెబుతారు, మూల్యాంకనం చెబుతారు, రికార్డులు ఎట్లా రాయాలో చెబుతారు. ఒక పాత గోడను ఎట్లా చదవాలో, ఊళ్లో చెప్పుకునే కథను ఎంతవరకు నమ్మాలో చెప్పరు. ఎంఏ చరిత్ర చదివినవాళ్లు సైతం ఒక్క శాసనం ముందైనా కూర్చోకుండానే సర్వీసు ముగించి వెళ్లిపోతున్నారు. తప్పు వాళ్లది కాదు. అక్కడిదాకా చెయ్యిపట్టి తీసుకెళ్లేవాళ్లు తక్కువ.

బొత్తిగా లేరని కాదు. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, టీచర్లంతా సీసీఆర్టీ అని పిలిచే సంస్థ, 1979లో సరిగ్గా ఈ పనికోసమే ఏర్పడింది. కమలాదేవి ఛటోపాధ్యాయ, కపిలా వాత్స్యాయన్ దాని వెనక ఉన్నారు. నాట్యం, శిల్పం, చేతిపని, కట్టడం ఇవేవీ తెలియని టీచరు దేశం గురించి పాఠం చెప్పలేడని వాళ్లు నమ్మారు. ఢిల్లీలో ప్రధాన కేంద్రం, హైదరాబాదు మాదాపూర్‌లో ఒక ప్రాంతీయ కేంద్రం. రాష్ట్రాల నుంచి టీచర్లను పిలిపించి, చదువులో మ్యూజియాల పాత్ర మీద ప్రత్యేకంగా వర్క్‌షాపులు పెడతారు. కట్టడాల దగ్గరికి, మ్యూజియాలకు తీసుకెళ్తారు. వారసత్వ సంపద మీద పనిచేసే ఇన్‌టాక్ కూడా టీచర్లకు ఇలాంటి వర్క్‌షాపులు జరుపుతుంది. అయితే దేశమంతటికీ ఉన్న లక్షల టీచర్లలో వీటి గడప తొక్కగలిగేది ఎందరు?

మా బస్సులో ఒక మేడం సీసీఆర్టీకి వెళ్లివచ్చినవారు. ఈ ప్రయాణానికి పూనుకున్నదీ ఆమే.

"ఆడ గోల్కొండ చూపిచ్చినారు సార్. గోడలు చూస్తా ఉంటే నాకు మన కోటే గుర్తొస్తా ఉండె. గోల్కొండోల్లే కదా వచ్చి దీన్ని గెలిచింది. ఇదే పని మన ఊర్లో మనం ఎందుకు చేయకూడదు అనుకున్నా" అన్నారు.

కోట వాకిలి దగ్గర బస్సు దిగగానే ఆమె అందరికీ ఒక్కో కాగితం ఇచ్చి మూడు గళ్లు గీసుకోమన్నారు. మొదటి గడిలో కంటికి కనబడింది. రెండో గడిలో దాన్నిబట్టి మనకు తోచింది. మూడో గడిలో ఎవరో చెప్పగా విన్నది, ఎక్కడో చదివింది. ఒకే ఒక్క షరతు: ఏ కట్టడం ముందైనా సరే, మొదటి గడి నిండేదాకా పురావస్తు శాఖ బోర్డు చదవకూడదు, ఫోను తీయకూడదు.

ఇంత చిన్న షరతు ఎంత పని చేస్తుందో వాకిలి దగ్గరే తెలిసింది. ఇనుప రేకులు, మేకులు కొట్టిన పెద్ద చెక్క తలుపులు చూడగానే ఒకాయన "ఏనుగులు పొడవకుండా పెట్టిన మేకులు" అని గబగబా రాసుకున్నాడు. పక్కనున్న మేడం ఆయన కాగితం చూసి, "సార్, మీరు చూసింది మేకులు. ఏనుగును చూడలా" అంది. ఆయన దాన్ని కొట్టేసి రెండో గడిలో రాసుకున్నాడు. ఆ మాట సబబైనదే కావచ్చు. కానీ చూసిన దానికీ తోచిన దానికీ మధ్య ఉన్న గీత ఎక్కడుందో పెద్దవాళ్లకే అంత సులభంగా దొరకదని, ఎనిమిదో తరగతి పిల్లాడికి దాన్ని నేర్పాలంటే టీచరు ముందు తాను దాటి చూడాలని అక్కడ నిలబడ్డ అందరికీ అర్థమైంది.

లోపలికి వెళ్తే ఊరు ఉంది. గండికోటను శిథిలాల మధ్య ఒంటరిగా చూడాలనుకునేవాళ్లకు ఇది ఆశ్చర్యం. ఇళ్లు, పశువులు, గడ్డివాములు, వాకిళ్లలో ఆడుకునే పిల్లలు. ఒక పక్క చిన్న చార్మినార్ అని పిలిచే కట్టడం, మరోపక్క పావురాల గోపురం, జైలు అని చెప్పే భవనం. ముందుకు పోతే మాధవరాయస్వామి గుడి గోపురం, ఇంకాస్త దూరాన జుమ్మా మసీదు, దానికి దగ్గర్లో ధాన్యాగారం, ఎత్తున రంగనాథస్వామి గుడి. తర్వాత ఉన్నట్టుండి నేల అయిపోతుంది. కింద పెన్న.

మేం ఎక్కువసేపు గడిపింది ధాన్యాగారం దగ్గర. లోయ చూడ్డానికి వచ్చేవాళ్లు దాన్ని దాటుకుంటూ పోతారు. మందపాటి గోడలు, కమాను పైకప్పు, చాలా తక్కువ కిటికీలు. లోపల చీకటి, చల్లదనం. బోర్డు మీద ధాన్యాగారం అని ఉంటుంది కనుక అందరం అదే అంటాం. బోర్డు లేకపోతే ఏమనుకునేవాళ్లం? ఒకాయన తుపాకిమందు దాచే చోటు అన్నాడు. ఒకావిడ అంత పెద్ద హాలు కచేరీ అయుండొచ్చు అంది. మరొకాయన గోడ వెంట మోచేత్తో కొలుచుకుంటూ నడిచి పొడవు అంచనా కట్టి, "ఇందులో ఎన్ని బస్తాల కొర్రలు పడతాయో లెక్కేస్తే, ఎంతమందికి ఎన్నాళ్లు వస్తాదో తేలుతాది. అది మా పిల్లోల్లతో చేయిస్తా. సోషల్‌లో లెక్కలు కూడా అయిపోతాయి" అన్నాడు. నాకు ఆ రోజు విన్న మాటల్లో బాగా నచ్చింది ఇది. ముట్టడికి ఎన్ని నెలలు తట్టుకోగలిగేవారన్నది రాజుల పేర్ల కంటే పెద్ద ప్రశ్న. దానికి జవాబు గింజలూ నీళ్లూ చెప్పాలి.

అప్పుడే మేకలను తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి మా మాటలు విన్నాడు. "మా నాయన చెబుతాండె. ఇంగ్లీషు దొరలు వస్తే ఈడనే దిగుతాండ్రంట. బంగళా మాదిరి వాడుకున్నారు" అన్నాడు. నిజమే. ఈ భవనాన్ని ఒకప్పుడు ప్రయాణికుల బంగళాగా వాడినట్టు రాతల్లో కూడా ఉంది. పెద్దాయన మాట ఎవరు ఏ గడిలో రాయాలి? విన్నది కనుక మూడో గడిలోనే. కానీ మూడో గడిలో ఉన్నవన్నీ ఒకే బరువున్న మాటలు కావని అప్పుడు తేలింది. తండ్రి కళ్లారా చూసి కొడుక్కి చెప్పింది వేరు, మూడున్నర శతాబ్దాల కిందటిదని ఊరంతా చెప్పుకునేది వేరు.

ఆ రెండో రకానికి కత్తుల కోనేరు ఉదాహరణ. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు నెత్తుటి కత్తులు ఈ కోనేట్లో కడిగితే నీళ్లు ఎర్రబారాయని కథ. ఒక టీచరు కోనేటి గట్టున ఉన్న ఎర్రమట్టిని వేళ్ల మధ్య నలిపి చూపించాడు. ఎవరూ నవ్వలేదు. కథ అబద్ధమని కొట్టేస్తే పిల్లలు ఇంట్లో అవ్వ చెప్పిన ప్రతిదాన్నీ కొట్టేస్తారు. కథ ఏం దాచిపెట్టుకుందో అడగాలి. ఈ కోట చుట్టూ జరిగిన యుద్ధాలు ఇక్కడివాళ్ల మనసులో ఎంత లోతుగా నాటుకున్నాయో ఆ కథ చెబుతుంది. నీళ్లు ఎందుకు ఎర్రగా కనబడతాయో మట్టి చెబుతుంది.

మధ్యాహ్నం గుడి ఛాయలో కూర్చుని సద్దరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి విప్పుకున్నాం. తింటూ తింటూ కోట పుట్టిన తేదీ మీద పడ్డారు. అందరూ చెప్పే తేదీ 1123. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆహవమల్ల సోమేశ్వరుడికి సామంతుడు, బొమ్మనపల్లెకు చెందిన కాకరాజు కట్టించాడని ప్రచారం. కాపరాజు అని రాసేవాళ్లూ ఉన్నారు. ఇది నిన్నమొన్నటి గైడ్ల కల్పన కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత రాయించిన ఊరి వృత్తాంతాలు, అంటే కైఫీయతుల దారిన వచ్చిన మాట.

అంతదాకా మాట్లాడని ఒక యువ టీచరు, మొన్నమొన్న డీఎస్సీలో వచ్చినవాడు, "సార్, ఆహవమల్ల సోమేశ్వరుడు 1068లోనే చనిపోయినాడు గదా" అన్నాడు. అందరూ తలెత్తారు. అవును. కృష్ణా, తుంగభద్రల ఒడ్డున చోళులతో పోరాడిన మొదటి సోమేశ్వరుడు 1042 నుంచి 1068 దాకా ఏలాడు. 1123 నాటికి కల్యాణి గద్దె మీద ఉన్నది ఆయన కొడుకు ఆరో విక్రమాదిత్యుడు. అంటే తేదీ తప్పో, రాజు పేరు తప్పో, రెండు తరాల సంగతులు ఒకే కథలో కలిసిపోయాయో. మరోవైపు పదిహేడో శతాబ్ది తొలినాళ్ల చరిత్రకారుడు ఫెరిష్తా ఈ కోటను 1589లో కట్టారంటాడు. ఆ ఏడు దగ్గర్లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ సైన్యాలు ఇటు వచ్చిన మాట నిజం. ఆ ముట్టడినే ఆయన కట్టడంగా పొరబడి ఉంటాడని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే పెమ్మసాని నాయకులు అంతకు చాలా ముందే ఇక్కడి నుంచి విజయనగరానికి సేనలు నడిపారు. కృష్ణరాయల కాలపు దండయాత్రలను చెప్పే రాయవాచకంలో పెమ్మసాని రామలింగనాయుడి సాహసానికి పెద్ద చోటే ఉంది.

"ఇదంతా బాగుంది సార్. పరీక్షలో 1123 అని రాస్తే మార్కు వస్తాది. ఈ గొడవంతా రాస్తే వస్తాదా?" అని ఒక సీనియర్ టీచరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పదో తరగతి ఫలితాల శాతం చూసి టీచరును తూచే రోజుల్లో ఆయన భయం ఉత్తది కాదు. మేడం ఆయనకు చెప్పిన జవాబు ఇది: "మార్కు కోసం 1123 చెప్దాం సార్. ఇంకొక పీరియడ్ తీసుకొని ఆ 1123 ఎట్ల తెలుసో పిల్లోల్లనే కనుక్కోమందాం. ఏడాదికి ఒక్కసారి చాలు." నా ఉద్దేశంలో ఈ ఒక్క పీరియడ్ కోసమే టీచర్లను కోటలకు, మ్యూజియాలకు తీసుకురావాలి. ఆ యువ టీచరుకు సోమేశ్వరుడి తేదీలు ముందే తెలుసు. బడిలో ఆ సంగతి అతనికి ఎప్పుడూ పనికిరాలేదు. కోట ముందు కూర్చుని, 1123 అన్న మాట చెవిన పడ్డప్పుడు గానీ ఆ రెండు తెలివిడులు ఒకదాన్నొకటి తాకలేదు.

తిన్న తర్వాత లోయ అంచుకు వెళ్లి టావెర్నియర్‌ను విప్పాం. ఫ్రెంచి నగల వ్యాపారి జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ 1652లో గండికోట వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు నగలు అమ్మాలంటే ముందు వాటిని మీర్ జుమ్లాకు చూపించాలి. రెండేళ్ల కిందటే కోటను గెలిచిన ఆ మీర్ జుమ్లా అప్పుడు ఇక్కడే ఉన్నాడు. ఇరాన్‌లో నూనె వ్యాపారి కొడుకుగా పుట్టి, గోల్కొండలో వజ్రాల వ్యాపారిగా ఎదిగి, సేనాపతై, తర్వాత ఔరంగజేబు పక్షం చేరి, బెంగాల్ సుబేదారుగా 1663లో చనిపోయినవాడు. టావెర్నియర్ పుస్తకం 1676లో ఫ్రెంచిలో వచ్చింది. 1889లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన వాలెంటైన్ బాల్ భారత భూగర్భ సర్వేలో పనిచేసిన శాస్త్రవేత్త.

టీచర్లు వంతులవారీగా ఆ పేజీలకు తెలుగు చెప్పుకున్నారు. కొండ మీదికి ఎక్కే దారి ఎంత ఇరుకో, పక్కన అగాధం ఎంత భయం పుట్టిస్తుందో, కింద నది ఎట్లా పారుతుందో అతను రాశాడు. కొండ మీది మైదానంలో వరి, జొన్నజాతి పైర్లు ఉన్నాయని, ఊటల నీళ్లతో అవి పండుతున్నాయని రాశాడు. పొద్దున బస్తాలు లెక్కపెట్టిన టీచరు ఆ వాక్యం దగ్గర ఆపించి మళ్లీ చదివించుకున్నాడు.

పిల్లలు మరిచిపోని దృశ్యం ఆ తర్వాత వస్తుంది. మీర్ జుమ్లా చెప్పుల్లేని కాళ్లతో కూర్చుని పాలన చూస్తుంటాడు. కాలివేళ్ల మధ్య ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల మధ్య ఉత్తరాలు. కాలి నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి తీస్తూ ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెబుతుంటాడు. అంతలో నేరస్థులను పట్టుకొచ్చారని కబురు. అరగంటదాకా పలకడు. తర్వాత తెప్పించి, విచారించి, అక్కడికక్కడే చేతులు, కాళ్లు నరికించే శిక్షలు వేస్తాడు. ఒక సామ్రాజ్యపు సేనాపతి మధ్యాహ్నం ఎట్లా గడిచేదో పాఠ్యపుస్తకపు పేరా చెప్పలేదు. ఇక్కడే ఈ పని జరిగిందన్న ఎరుక కలిగిన టీచరు ఆ పేరాను తిరిగి పాత పద్ధతిలో చదవలేడు.

ఇక కోట ఎట్లా పడిందన్న సంగతి. ఊళ్లో అడిగితే ద్రోహం కథ చెబుతారు. కోటనేలే చిన్న తిమ్మానాయుడిని ఓడించలేక మీర్ జుమ్లా అతని మంత్రి పొదిలి లింగన్నను లోబరుచుకున్నాడని, రాజుకు విషం పెట్టించాడని. టావెర్నియర్‌ను అడిగితే ఫిరంగుల కథ చెబుతాడు. యూరోపు ఫిరంగివాళ్లు, ముఖ్యంగా బూర్జ్ పట్టణం నుంచి వచ్చిన క్లాడ్ మాయ్ అనే ఫ్రెంచివాడు మీర్ జుమ్లా కొలువులో ఉన్నారని. ఓడినవాళ్ల జ్ఞాపకం ద్రోహాన్ని గుర్తుపెట్టుకుంటుంది. గెలిచినవాడి అతిథి తన దేశస్థుడి నైపుణ్యాన్ని గుర్తుపెట్టుకుంటాడు. రెండూ జరిగి ఉండవచ్చు. టీచర్లు ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి ఏది ఎవరి నోట వచ్చిందో గుర్తించడానికి చాలాసేపు తీసుకున్నారు. నేను మధ్యలో కలగజేసుకోలేదు.

కష్టమైన భాగం అక్కడే ఎదురైంది. ఫిరంగులు పోయడానికి గుళ్ల నుంచి తెచ్చిన రాగి విగ్రహాలను కరిగించారని టావెర్నియరే రాశాడు. ఒక గుడి నుంచి తెచ్చిన ఆరు విగ్రహాలు మాత్రం ఎంతకూ కరగలేదని, పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా ఆరోపించాడని కూడా రాశాడు. మా గుంపులో హిందువులున్నారు, ముస్లిములున్నారు. వాళ్ల తరగతుల్లోనూ అంతే. మాకు ఒక పక్క మూలవిరాట్టు లేని మాధవరాయస్వామి గుడి, మరోపక్క రెండు మినార్లతో మసీదు కనబడుతున్నాయి. దీన్ని పిల్లలకు చెప్పాలా, దాటెయ్యాలా?

కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒక ముస్లిం టీచరు మాట్లాడారు. "దాటేస్తే పిల్లోల్లు వాట్సాప్‌లో చదువుకుంటారు సార్. అప్పుడు మన మాట నమ్మరు. నేనైతే చెబుతా. ఎవరు కరిగించినారు, ఎందుకు, ఎవరు రాసినారు అని మూడు ప్రశ్నలు పెట్టి చెబుతా" అన్నారు. ఆయన ప్రశ్నలను పట్టుకుని నడిస్తే మనుషులు కనబడతారు. షియా సుల్తాను కోసం ఇరానీ సేనాపతి, అతని కొలువులో క్రైస్తవ ఫిరంగివాడు, ఫిరంగులకు అవసరమైన రాగి. మత వైరం ఉందా, లోహం కొరత ఉందా, గెలిచిన ఊరి దైవాన్ని అవమానించే పాత రాజనీతి ఉందా అన్నది తూచి చూడాల్సిన విషయం. జరిగిన నష్టాన్ని తగ్గించి చెప్పనక్కర్లేదు. దాన్ని ఈనాటి పక్కింటివాడి ఖాతాలో రాయనూ కూడదు. ఇంత సున్నితమైన పనిని టీచరు ఒక్కడే తరగతి గదిలో మొదటిసారి చేయాల్సి రావడం అన్యాయం. తోటి టీచర్ల మధ్య, ఆ రాళ్ల ముందే, ఒకసారి బిగ్గరగా చెప్పి చూసుకునే అవకాశం కావాలి. శిక్షణ అనే మాటకు నేను ఇచ్చుకునే అర్థం ఇదే.

లోయ దగ్గర ఎండ వాలాక పని తేలికైంది. ఎర్రటి ఈ బండలను గ్రానైట్ అని చాలాచోట్ల రాస్తారు. ఇది గ్రానైట్ కాదు. ఒకప్పటి నీటి అడుగున ఇసుక పేరుకుని, గట్టిపడి, రాయైన క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రంలో దీని పేరే గండికోట క్వార్ట్‌జైట్. కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ తన గ్రంథాన్ని 1872లో ప్రచురించాడు. అప్పటినుంచి ప్రపంచపు భూగర్భ శాస్త్రవేత్తలకు కడప పేరు పరిచయం. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక ఇది. పుస్తకాలు పేర్చినట్టు పలకలు పలకలుగా ఉన్న ఈ గోడలను పెన్న తొలుచుకుంటూ వచ్చి దాదాపు మూడువందల అడుగుల లోతుకు దిగింది. నది తవ్విన కందకం ఒకవైపు ఉండబట్టే కోట ఇక్కడ వెలిసింది. ఆ ఒక్క వాక్యంతో భూగోళమూ చరిత్రా ఒకే పీరియడ్‌లోకి వస్తాయి.

కింద నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయి. ఎగువన గాలేరు–నగరి పథకం కింద కట్టిన గండికోట జలాశయం, 26.85 టీఎంసీల సామర్థ్యం. దిగువన మైలవరం జలాశయం. ఆ నీళ్ల వైపు చూస్తూ కొండాపురం వైపు బడిలో పనిచేసే ఒక టీచరమ్మ, తన తరగతిలో ముంపు ఊళ్ల పిల్లలు ఉన్నారని చెప్పింది. తాళ్లప్రొద్దుటూరు లాంటి పెద్ద ఊళ్లు ఈ నీళ్ల కింద ఉన్నాయి. ఎండిన సీమకు నీళ్లు రావడం కోసం కొన్ని ఊళ్లు తమ వీధులను, గుళ్లను, మసీదులను, సమాధులను వదులుకున్నాయి. "ఈ పిల్లోల్ల నాయన, అమ్మ చెప్పేది ఎవరన్నా రాసిపెట్టినారా మేడం?" అని ఆమె అడిగింది. మెకంజీ మనుషులు రెండువందల ఏళ్ల కిందట కరణాలను అడిగినట్టే ఇప్పుడు ఈ పిల్లలు తమ తాతలను అడగవచ్చు. ఎవరి పొలం ఎక్కడుండేది, జాతర ఏ నెలలో జరిగేది, ఇల్లు ఖాళీ చేసిన రోజు ఏం తీసుకెళ్లారు. ఈ పని మరో ఇరవై ఏళ్లు ఆగితే చెప్పేవాళ్లు ఉండరు.

ఇతర దేశాల్లో ఈ పనిని ప్రభుత్వమే భుజానికెత్తుకున్న దాఖలాలున్నాయి. ఇంగ్లండ్‌లో 2012లో మొదలైన హెరిటేజ్ స్కూల్స్ పథకం టీచర్లకు తమ ఊరి వీధులను, కట్టడాలను పాఠంగా వాడుకోవడం నేర్పింది. అమెరికాలో జాతీయ మానవీయ శాస్త్రాల సంస్థ బడి టీచర్లను చారిత్రక స్థలాలకు రప్పించి, అక్కడే వాళ్లను చరిత్రకారులతో కలిపి కూర్చోబెట్టి వర్క్‌షాపులు జరిపించింది. గండికోటకు కూడా డబ్బు వస్తోంది. పర్యాటక అభివృద్ధి కోసం 2024 చివర్లో కేంద్రం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సందర్శకులకు వసతులు రావాల్సిందే. ఆ పథకాల్లో ఒక్క గది టీచర్ల కోసం అడుగుతాను. నలభై మంది కూర్చునే చోటు, కోట నమూనా, ఇక్కడి శాసనాల ఛాయాచిత్రాలు, టావెర్నియర్ పేజీల తెలుగు అనువాదం, కైఫీయతు ప్రతి. నెలకో మండలం టీచర్లను రప్పిస్తే చాలు. పెద్ద ఖర్చు కాదు.

తిరుగు దారిలో ఎర్రగుంట్ల మీదుగా కలమళ్లకు వెళ్లాం. థర్మల్ పవర్ స్టేషన్ గొట్టాలు కనబడేంత దగ్గర్లో చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయం. ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడు అనే రేనాటి చోళుడు క్రీ.శ. 575 ప్రాంతంలో తెలుగులో వేయించిన శాసనం దొరికింది ఈ ప్రాంగణంలోనే. తెలుగులో మనకు తెలిసిన తొలి శాసనాల్లో ముందు చెప్పేది దీన్నే. అంతదాకా రాజులు ప్రాకృతంలోనో సంస్కృతంలోనో రాయించుకున్నారు. ఎండకు బక్కచిక్కిన ఈ నేల మీద ఒక చిన్న రాజు జనం మాట్లాడే భాషను రాతికెక్కించాడు. ఎర్రగుంట్ల మండలంలోనే ఏళ్లుగా పనిచేస్తూ ఈ గుడి లోపలికి తొలిసారి అడుగుపెట్టిన టీచర్లు ఆ రోజు మాతో ఉన్నారు. అక్షరాల రూపును కాగితం మీద దించుకోవడానికి వాళ్లు చీకటి పడేదాకా కదల్లేదు.

మరునాడు కొందరం కడపలో ఒక గ్రంథాలయంలో కలిశాం. ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో లేచింది అది. జిల్లా కైఫీయతుల సంపుటాలు బల్ల మీద పరిచి, ఎవరి బడి ఊరు వాళ్లు వెతకసాగారు. అన్ని ఊళ్లూ దొరకలేదు. దొరికినవాళ్లు చెరువుల పేర్లు, పొలిమేర గుర్తులు, ఇనాములు రాసుకుంటున్నారు. ముంపు పిల్లల గురించి అడిగిన టీచరమ్మ రాసుకోవడం ఆపి, ఇవి ఎవరి దగ్గర రాయించుకున్నారో, ఏ ప్రశ్నలు అడిగారో తెలిస్తే బాగుండునని అంది. తర్వాత తనే ఒక కాగితం తీసి ప్రశ్నలు వరసగా వేసుకుంది. మొదటి ప్రశ్న: మీ పాత ఇంటి వాకిలి ఏ దిక్కున ఉండేది? మధ్యాహ్నానికి ఆ జాబితా మిగతావాళ్ల చేతుల్లోకి పోయి, ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న చేర్చి, కొట్టేసి, సరిదిద్ది, గ్రంథాలయం పక్కనున్న జిరాక్స్ షాపులో తలా ఒక ప్రతి తీయించుకున్నారు.